రోజువారీ జీవితంలోంచి భయం పుట్టించే చిన్న కథ రాయడం ఎలా

భయం కథ రాయాలనుకునేవారు ముందుగా పాడుబడ్డ బంగళాను, అమావాస్య రాత్రిని పక్కన పెట్టాలి. అటువంటి చోటికి పాఠకుడు గుండె దిటవు చేసుకునే వస్తాడు. తన వంటింట్లో, తన గుమ్మం దగ్గర అతనికి ఆ జాగ్రత్త ఉండదు కనుక కథ అక్కడే మొదలుకావాలి.

1990ల్లో తెలుగునాట ఎన్నో ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. రాత్రివేళ ఒక ఆడ దయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికి తలుపు తీస్తే ప్రాణం పోతుందని, ఈ రాత చూస్తే మర్నాడు వద్దామని వెళ్లిపోతుందని ఆనాటి పుకారు. ఆ దయ్యం ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్లు పిలిస్తే పలకడమనే, మనం ఆలోచించకుండా చేసే పనే అక్కడ ప్రమాదంగా మారింది. పైగా ఆ రాత ముప్పును తొలగించలేదు, రేపటికి వాయిదా మాత్రమే వేసింది. కథకు కావలసిన సరుకంతా ఆ పుకారులోనే ఉందని నా నమ్మకం.

కాబట్టి ఒక అలవాటును ఎంచుకుని, దాన్ని కళ్లకు కట్టేలా రాయండి. భర్త పోయాక ఫ్లాటులో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ రోజూ రాత్రి తలుపు గొళ్లేనికి సంచి తగిలిస్తుందని, తెల్లవారుజామున పాల కుర్రవాడు అందులో అరలీటరు ప్యాకెట్ ఒకటి వేసి వెళతాడని అనుకుందాం. ఈ భాగంలో తొందరపడకూడదు. సంచి అడుగున చేరిన తడి కూడా పాఠకుడి చేతికి తగలాలి. ఆ తర్వాత ఒకే ఒక్క మార్పు చేయండి. ఒకనాడు సంచిలో రెండు ప్యాకెట్లు ఉంటాయి. ఆవిడ అడిగితే, కొత్తగా పనిలో చేరిన ఆ కుర్రవాడు, “నిన్న అయ్యగారే తలుపు తీసి చెప్పారు కదమ్మా, ఇకనుంచి రెండు వేయమని” అంటాడు.

ఇక్కడ ఆవిడ కెవ్వుమంటే కథ చప్పబడిపోతుంది. మారు మాట్లాడకుండా రెండు ప్యాకెట్లూ కాచి, రెండు గ్లాసులు కడిగిందంటే, పాఠకుడి భయం వచ్చినవాడి మీద నుంచి ఆవిడ మీదకు మళ్లుతుంది. వచ్చినదెవరో, ఎందుకు వచ్చారో వివరించే పేరా ఒకటి చేర్చాలన్న ఆశను గట్టిగా అణచుకోవాలి. ఇదంతా కల అని తేల్చేయడం పాఠకుడికి చేసే అన్యాయం.

‘భయంకరమైన’, ‘వింతైన’ వంటి విశేషణాలు కనబడితే కొట్టేయండి. పూర్తయ్యాక ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు “ఎందుకలా?” అని అడిగితే, దానికి జవాబు చెప్పే వాక్యమేదైనా కథలో మిగిలివుందేమో వెతికి తీసేయండి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న విషయంలో తికమకపడితే మాత్రం ఆ చోటును తిరగరాయండి.