వెనిస్‌లో 2 యూరోలకే గొండోలా

వెనిస్‌కి గుంపుగా వెళ్తే అందరికీ గొండోలా (అక్కడి కాలువల్లో తిప్పే పొడవాటి సన్నని పడవ) ఎక్కాలనే ఉంటుంది, రేటు వినగానే ముఖాలు వాడిపోతాయి. మేం వెళ్ళినప్పుడు పగటిపూట అరగంటకు 90 యూరోలు, పడవకు ఐదుగురే. ఎనిమిది మందిమి కాబట్టి రెండు పడవలు, మొత్తం 180.

దాని బదులు ట్రాగెట్టో ఎక్కాం. ఊరి ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్‌ను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే పడవ అది, మన రేవు పడవలాగే. చూడటానికి కాస్త వెడల్పైన గొండోలా. ముందొకరు, వెనకొకరు తెడ్డు వేస్తారు. మనిషికి 2 యూరోలు, ఎనిమిది మందికీ కలిపి 16. రియాల్టో చేపల మార్కెట్ పక్కన ఎక్కితే ఎదురుగా శాంటా సోఫియా రేవులో దిగుతారు. నాణేలు ముందే లెక్కపెట్టి ఒకరి చేతిలో ఉంచండి. ప్రయాణం రెండు మూడు నిమిషాలే, కానీ నీళ్ళకు అంత దగ్గరగా కూర్చుని రెండు వైపులా ఆ పాత భవంతులను చూస్తుంటే మా అత్తయ్య ఇంకోసారి దాటుదామంది. దాటాం కూడా.

సాయంత్రానికి నమ్ముకోకండి, రాత్రి దాకా నడపరు. వాతావరణం బాగా లేకపోయినా, నీటిమట్టం పెరిగినా నడపరు. ఉదయం మార్కెట్ చూసేటప్పుడే ఎక్కేయండి.