ఆయిల్ పాన్‌ను కురచ చేయడం: అసలు పని పికప్ దగ్గరే

ఇంజన్ అడుగు రాయికి తగిలిన ప్రతిసారీ నా గుండె జారేది. చివరికి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే ఆయిల్ పాన్‌ను, 25 మిల్లీమీటర్లు కురచ చేశాను. కోయడం తేలికే, పాన్‌లోంచి ఆయిల్‌ను పంపుకు అందించే పికప్ గొట్టమే ఓపికను పరీక్షిస్తుంది.

అల్యూమినియం పాన్ అయితే వెల్డింగ్‌కు ముందు జిడ్డు పూర్తిగా పోవాలి. లోహంలో ఇంకిన నూనె వేడికి బుడగలై పైకొచ్చి అతుకును చిల్లులమయం చేస్తుంది. పాన్ అంచును మందపాటి ఉక్కు పలకకు బోల్టులతో బిగించాకే టిగ్ వెల్డింగ్ చేయించండి. మొదటిసారి నేను బద్ధకించాను. అంచు వంకర తిరిగింది, మళ్లీ చదును చేయించాల్సి వచ్చింది.

పికప్‌నూ అంతే కురచ చేయాలి. పాన్ కోయక ముందే పికప్ కొసనున్న జాలీకీ పాన్ అడుగుకూ మధ్య ఖాళీ కొలిచి రాసుకోండి. నాది 8 మిల్లీమీటర్లు. కోశాక, పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దను జాలీ కింద పెట్టి, గాస్కెట్‌తో సహా పాన్ బిగించి విప్పాను. నలిగిన ముద్ద మందం 4 మిల్లీమీటర్లే! అలాగే వదిలేస్తే పంపుకు ఆయిల్ సరిగా అందదు. గొట్టం అతుకులో సూదిమొన అంత చిల్లున్నా పంపు గాలి పీలుస్తుంది, అదీ చూసుకోండి.

లోతు తగ్గితే ఆయిల్ తగ్గుతుంది. ఎగ్జాస్ట్ గొట్టానికి తగలకుండా పాన్‌ను పక్కలకు పెంచి కొంత పూడ్చుకున్నాను. బ్రేక్ వేసినప్పుడు ఆయిల్ ముందుకు ఉరకకుండా లోపల ఒక అడ్డుపలక పెట్టించాను.

బిగించే ముందు పాన్‌లో కిరోసిన్ పోసి, బయట అతుకులకు సుద్దపొడి రాసి రాత్రంతా ఉంచండి. చెమ్మ ఉంటే మరక చెబుతుంది. తర్వాత కిరోసిన్ తీసేసి, పాన్ బిగించి, కొత్త ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్ తీసి స్టార్టర్‌తో తిప్పండి. ఆయిల్ ప్రెషర్ దీపం ఆరాకే ప్లగ్ బిగించి ఇంజన్ స్టార్ట్ చేయండి.