మొక్కల రసాయనాలు, కొత్త రక్తనాళాలు – 3వ పాఠం: గుడ్డు ఫొటో చదవడం

కొత్త రక్తనాళాలు రాకపోతే కణితి ఎంతవరకు పెరుగుతుందని పోయిన పాఠంలో అడిగాను. జవాబు: ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగదు. 1971లో అమెరికన్ సర్జన్ జుడా ఫోక్‌మన్ ఈ మాట రాసినప్పుడు నమ్మినవాళ్ళు తక్కువ. నాళాల్ని ఆపితే తిండి అందక కణితి ఎదుగుదల ఆగుతుందన్న ఆశ అక్కడ మొదలైంది. పసుపు, గ్రీన్ టీ, సోయా మీద ఇన్ని పేపర్లు వచ్చాయంటే ఆ ఆశతోనే. వాటిలో మాటిమాటికీ కనిపించే ఒక ఫొటో ఉంది. ఈసారి దాన్ని చదవడం నేర్చుకుందాం.

అది గుడ్డులో కోడి పిండం బయట ఉండే పొర. 21 రోజుల్లో పిల్ల తయారవ్వాలి కదా, అందుకని ఆ పొర మీద నాళాలు చకచకా అల్లుకుంటాయి. మూడో రోజు ప్రాంతంలో కాస్త తెల్లసొన లాగేసి, పెంకుకి చిన్న కిటికీ కోసి, టేపుతో మూస్తారు. కొన్ని రోజులు ఆగి, మందు పట్టించిన కాగితం బిళ్ళని పొర మీద పెడతారు. మరో రెండు మూడు రోజులకి బిళ్ళ చుట్టూ ఉన్న నాళాలు లెక్కపెడతారు.

ఫొటో కింద "కర్కుమిన్‌తో నాళాలు తగ్గాయి" అని ఉందనుకోండి. కర్కుమిన్ అంటే పసుపులో ఉండే రసాయనం. ముందు పక్క గుడ్డు చూడండి. కర్కుమిన్ నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లోనో డీఎమ్ఎస్ఓ అనే ద్రావకంలోనో కలపాలి. కంట్రోల్ గుడ్డులో, అంటే పోల్చి చూడ్డానికి పెట్టిన గుడ్డులో, ఆ ద్రావకం ఒక్కటే పట్టించిన బిళ్ళ ఉండాలి. ఉత్త గుడ్డుతో పోలిస్తే నాళాల్ని తగ్గించింది పసుపో ద్రావకమో తేలదు.

తర్వాత ఇంకో మాట. చచ్చిన పొరలోనూ నాళాలు పెరగవు! మొదట్లో నేను బోల్తా పడింది ఇక్కడే. తెల్లగా పాలిపోయిన పొరని చూసి, అబ్బ, ఎంత బాగా ఆపిందో అనుకున్నాను. అది విషం పనీ కావచ్చు. పిండం బతికే ఉందని పేపర్లో ఎక్కడైనా రాశారేమో వెతకండి.

"పెరిగాయి" అన్న ఫొటోకి అనుమానం ఇంకోలా రావాలి. కోసేటప్పుడు రాలిన పెంకు పొడికి పొర వాచినా నాళాలు అటు పాకుతాయి.

ఇక మోతాదు. ల్యాబ్ ప్లేటులో పెంచిన కణాల మీద చాలామంది 10 మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) వాడతారు. కర్కుమిన్ అణుభారం 368 కాబట్టి అది లీటరుకి 3.68 మిల్లీగ్రాములు. చూడ్డానికి చిన్న మొత్తమే, కానీ కర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు. తైవాన్‌లో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి 8 గ్రాములు మింగినవాళ్ళ రక్తంలో గరిష్ఠ స్థాయి సగటున 1.77 మైక్రోమోలారే. అదీ గంటా రెండు గంటల్లో పైకెక్కి, మళ్ళీ దిగిపోయింది.

హోంవర్క్: చెంచా పసుపు 3 గ్రాములు, అందులో కర్కుమిన్ 3 శాతం అనుకోండి. 8 గ్రాముల కర్కుమిన్ కావాలంటే ఎన్ని చెంచాలు తినాలి? కాగితం మీద వేసి చూడండి. వచ్చే పాఠంలో సరస్వతి ఆకు, అంటే పుండు మానే చోట నాళాల్ని పెంచే వైపు.