క్రమ్ బొమ్మలున్న 'మంకీ రెంచ్ గ్యాంగ్' ప్రతిని ఎలా గుర్తించాలి?

పాత పుస్తకాల మోపులో అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ అబ్బీ నవల 'ది మంకీ రెంచ్ గ్యాంగ్' కనబడితే కొందరు పాత ఇంగ్లీషు నవలే కదా అని పక్కన పడేస్తారు. ఇంకొందరు ఏ ముద్రణో చూడకుండా అడిగినంత ఇచ్చేస్తారు. కర్నూలు పాత పేపర్ల కొట్లలో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఈ రెండూ చూసి చూసి విసుగొచ్చింది.

చిన్న టార్చ్, పొడి నూలుగుడ్డ, ఫోను చాలు. కొట్టు తెరవగానే వెళ్లండి. మోపును అడుగునుంచి వెతకండి, బరువైన గట్టి అట్టలు అక్కడే ఉంటాయి. చూడటం పూర్తయ్యేదాకా బేరం ఎత్తకూడదు.

అసలు చిక్కు ముద్రణ తేల్చడంలో ఉంది. ఇక్కడ తొందరపడొద్దు. ఈ నవలను 1975లో లిపిన్‌కాట్ సంస్థ వేసింది. అందులో అమెరికన్ కార్టూనిస్టు రాబర్ట్ క్రమ్ బొమ్మలు లేవు. పదేళ్ల తర్వాత, 1985లో, సాల్ట్ లేక్ సిటీలోని డ్రీమ్ గార్డెన్ ప్రెస్ ఆయన బొమ్మలతో కొత్తగా తెచ్చింది. మనకు కావలసింది అదే.

కాపీరైట్ పేజీలో 1975 అని కనబడగానే మొదటి ముద్రణ దొరికిందని సంబరపడకండి. అది నవల పుట్టిన ఏడాది. తర్వాత ఎన్నిసార్లు అచ్చేసినా ఆ అంకె అక్కడ ఉండొచ్చు. ముందు టైటిల్ పేజీలో ప్రచురణకర్త పేరు, క్రమ్ పేరు చదవండి. తర్వాత కాపీరైట్ పేజీలో ఈ ముద్రణ ఏడాది వెతకండి. ఆ తర్వాతే లోపలి బొమ్మలకు వెళ్లండి. సిరాతో గీత మీద గీత అడ్డంగా వేసి నీడలు తెప్పించిన నలుపు తెలుపు బొమ్మలవి. ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. పైన చుట్టిన కాగితం జాకెట్‌ను మాత్రం నమ్మకండి, దాన్ని ఒక పుస్తకం నుంచి తీసి ఇంకోదానికి తొడగొచ్చు.

పేజీ తిప్పడానికి వేలు తడి చేయొద్దు. అట్టను పూర్తిగా వెనక్కి విరవొద్దు, కుట్టు తెగుతుంది. ధర స్టిక్కర్‌ను అక్కడే పీకితే జాకెట్ చర్మం ఊడినట్టు ఊడొస్తుంది.

ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొనడం నాకు నచ్చదు. ఒకసారి కాపీరైట్ పేజీ సగమే చూపించిన ఫోటో నమ్మి డబ్బు కట్టాను. వచ్చింది బొమ్మల్లేని పేపర్‌బ్యాక్. పుస్తకాన్ని చేత్తో పట్టుకునే కొనాలి.

ఈ నవల కోసం ఇంత పట్టుబట్టడానికి కారణముంది. అందులో నలుగురు మనుషులు ఎడారిని తవ్వే బుల్డోజర్లను పాడుచేస్తుంటారు. వాళ్ల కోపమంతా కొలరాడో నదికి అడ్డంగా కట్టిన గ్లెన్ కాన్యన్ డ్యామ్ మీద. శ్రీశైలం నీళ్లలో మునిగి, ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడే సంగమేశ్వరం గుడిని చూసినవాళ్లకు ఆ కోపం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక పొడిగుడ్డతో దుమ్ము దులిపి బటర్ పేపర్ చుట్టండి. ప్లాస్టిక్ కవర్, సెల్లో టేప్ వద్దే వద్దు. మన ఎండకు పడమటి గోడ కాలిపోతుంది, దానికి ఆనించిన బీరువాలో పెట్టొద్దు. ఆరు నెలలకోసారి తీసి, నీడలో గాలి తగలనివ్వండి.