గీజర్ గుడగుడలాడుతోందా? ఏ చప్పుడు ఎక్కడిది, ఎలా సరిచేయాలి

గీజర్ మోత పెడుతోందనగానే స్క్రూడ్రైవర్ తీయకండి. ముందు దాని పక్కన ఓ అయిదు నిమిషాలు నిలబడి వినండి. చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆనవాలు. లైటు వెలిగి నీళ్లు కాగుతున్నంతసేపూ వస్తోందా, కుళాయి తిప్పినప్పుడు వస్తోందా, కుళాయి కట్టేసిన క్షణంలోనా, లేక అన్నీ ఆపేశాకా? నాలుగూ నాలుగు వేరు వేరు చోట్ల నుంచి వచ్చేవి. ఇక్కడ చెప్పేది గోడకు నిలువుగా తగిలించే కరెంటు స్టోరేజ్ గీజర్ల గురించి. గ్యాస్ గీజర్ సంగతి పూర్తిగా వేరు, దాన్ని ఇంట్లో విప్పకూడదు.

వెంటనే ఆపేయాల్సిన చప్పుళ్లు రెండున్నాయి.

మొదటిది కరెంటుది. ట్యాంకులోంచి కాకుండా కింది మూత దగ్గరో, గోడ మీది ప్లగ్ దగ్గరో జుయ్‌మనో చిటపటమనో వినిపిస్తే ఎక్కడో వైరు వదులైందన్నమాట. 2000 వాట్ల ఎలిమెంట్ (ట్యాంకులో నీళ్లు కాచే గొట్టం) 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు వదులు స్క్రూ గుండా వెళ్తే ఆ చోటు వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లగ్ పిన్నులు నల్లబడి ఉంటే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ గుచ్చేస్తుంటారు. అది పనికిరాదు. సాకెట్ లోపలి క్లిప్పులు అప్పటికే పట్టు కోల్పోయి ఉంటాయి కాబట్టి ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి, అవి 16 ఆంపియర్లవే అయి ఉండాలి.

రెండోది మరుగుతున్న మోత. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు రావడానికి 2000 వాట్ల ఎలిమెంట్‌కి 21 నిమిషాలు చాలు. 25 లీటర్లకైతే 35 నిమిషాలు. అంతకు చాలాసేపు మించిపోయినా లైటు ఆరకుండా, లోపల సలసల పెరుగుతూ, వేడి కుళాయిలోంచి నీళ్లతో పాటు ఆవిరి చిమ్ముతుంటే వేడి చాలాక కరెంటు ఆపే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయాయి, అది విఫలమైతే కరెంటు తెంచాల్సిన రక్షణ కటౌట్ కూడా పనిచేయడం లేదు. మెయిన్ బోర్డులో ఎంసీబీ (గీజర్ లైనుకు కరెంటు తెంచే స్విచ్) దించి బాత్‌రూమ్‌లోంచి బయటికి వచ్చేయండి. చుట్టూ ఇన్సులేషన్ ఉంటుంది గనుక ట్యాంకు చల్లారడానికి గంటా రెండు గంటలు చాలవు, మర్నాటి దాకా వదిలేయండి. ఆ తర్వాత థర్మోస్టాట్, కటౌట్ రెండూ కొత్తవి వేయించకుండా మళ్లీ స్విచ్ వేయకూడదు.

ఈ రెండూ కాకపోతే ఎక్కువగా తగిలేది గుడగుడే. స్విచ్ వేసిన రెండు మూడు నిమిషాలకు మొదలై, నీళ్లు వేడెక్కేకొద్దీ పెరిగి, మధ్యమధ్యలో పేలాలు వేగినట్టు పట్‌పట్‌మని, లైటు ఆరిన వెంటనే సద్దుమణుగుతుంది. ఎలిమెంట్‌కు గార పట్టిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కుళాయి జాలీ విప్పితే తెల్లటి పలుకులు కనిపించాయంటే ఇక అనుమానమే లేదు.

చవుడు నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్‌గా కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది కార్బొనేట్‌గా మారి, కరగని తెల్లటి సున్నంలా ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. 60 డిగ్రీలు దాటితే ఈ పని మరీ జోరుగా సాగుతుంది. ఆ పెంకులో సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో చిక్కిన నీటిచుక్క ఎలిమెంట్ వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతుంది, ఆ బుడగ బయటికొచ్చి చల్లటి నీళ్లు తగలగానే పగులుతుంది. క్షణానికి వందల బుడగలు అలా పగులుతుంటే మనకు వినిపించేది గుడగుడ.

గార పడితే కరెంటు బిల్లు బాగా పెరుగుతుందని చాలామంది చెబుతారు, కానీ అంతేం పెరగదు. ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడి ఎటూ పోదు, పెంకు దాటి ఆలస్యంగానైనా నీళ్లలోకే చేరుతుంది. నష్టం వేరేచోట జరుగుతుంది. వేడి తొందరగా బయటపడలేక ఎలిమెంట్ గొట్టం మామూలు కంటే చాలా ఎక్కువ వేడెక్కి, చీలి, నీళ్లు లోపలికి దిగుతాయి. కరెంటు లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ స్విచ్ పడిపోవడం మొదలయ్యేది అప్పుడే.

గార తీయడానికి కావలసినవి: కొత్త ఫ్లాంజ్ గ్యాస్కెట్ (ఎలిమెంట్‌ను ట్యాంకుకు బిగించే పళ్లెం దగ్గర కారకుండా వేసేది), ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం యానోడ్ రాడ్ (రెండూ మీ మోడల్‌కు సరిపోయేవి), 200 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, లోతైన ప్లాస్టిక్ బకెట్, స్పానర్లు, టెస్టర్, మల్టీమీటర్. గ్యారంటీ ఇంకా ఉంటే విప్పకముందే షరతులు చూసుకోండి.

1. స్విచ్ ఆపి వేడి కుళాయి తిప్పి, చల్లటి నీళ్లు వచ్చేదాకా వదలండి. అప్పుడు ఎంసీబీ దించి ప్లగ్ పీకేయండి. స్విచ్ ఒక్కటే ఆపి పని మొదలుపెట్టొద్దు.

2. గీజర్‌కు నీళ్లొచ్చే యాంగిల్ వాల్వ్ (గోడ దగ్గరి చిన్న కుళాయి) కట్టేయండి. వేడి కుళాయి తెరిచే ఉంచి, నీలం రింగు ఉన్న ఇన్‌లెట్ పైపు విప్పండి. నీళ్లు దిగేది ఆ దారినే. ఎర్ర రింగు వైపు పైపు లోపల ట్యాంకు పైదాకా ఉంటుంది, అటునుంచి గాలి లోపలికి పోతుంది. వేడి కుళాయి మూసి ఉంటే నీళ్లు సరిగా దిగవు.

3. కింది మూత తీసి, టెర్మినళ్లను టెస్టర్‌తో చూడండి. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే విప్పండి. థర్మోస్టాట్‌ను తిన్నగా కిందికి లాగితే వచ్చేస్తుంది.

4. బకెట్ కింద పెట్టి ఫ్లాంజ్ నట్లు తీయండి. అడుగున మిగిలిన నీళ్లు బురదతో సహా ఒక్కసారిగా పడతాయి, ముఖం పక్కకు ఉంచుకోండి. ఎలిమెంట్‌ను పక్కలకు వంచకుండా నిలువుగా దించాలి.

బయటికొచ్చిన ఎలిమెంట్‌ను ఓసారి వెలుతురులో పెట్టి చూడండి. వేలెడు లావు కూడా ఉండకూడని గొట్టం చుట్టూ గోధుమ రంగు తిరిగిన తెల్లటి పెంకు, చెట్టు బెరడులా పొరలు పొరలుగా ఉంటుంది. రెండు మెలికల మధ్య ఖాళీ కూడా పూడిపోయి ఉండవచ్చు. గోరుతో నొక్కితే పెళుసుగా ఊడేది పైపొర మాత్రమే. లోపలిది రాయిలా ఉంటుంది. దాన్ని సుత్తితోనో కత్తితోనో కొట్టొద్దు, గొట్టానికి గీత పడితే తుప్పు అక్కడే మొదలవుతుంది.

రెండు లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 200 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కరిగించి, మెలికలు మాత్రమే మునిగేలా ఎలిమెంట్‌ను వేలాడదీయండి. టెర్మినళ్లకు తడి తగలకూడదు. సోడా పొంగినట్టు బుడగలొస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. నీళ్లు మరీ వేడిగా ఉంటే కాల్షియం సిట్రేట్ అనే మరో తెల్లటి పొర గడ్డకట్టి పనిని అడ్డుకుంటుంది, అందుకే గోరువెచ్చగా చాలు. బుడగలు ఆగి గార ఇంకా మిగిలి ఉంటే యాసిడ్ బలం అయిపోయిందని అర్థం. 200 గ్రాముల పొడి లెక్క ప్రకారం దాదాపు 150 గ్రాముల సున్నాన్ని మించి కరిగించలేదు. కొత్తగా కలుపుకోండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వాడకండి. గారతో పాటు లోహాన్నీ తినేస్తుంది. ఏ యాసిడ్‌లోనూ బ్లీచింగ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

శుభ్రంగా కడిగి ఆరాక మల్టీమీటర్ పెట్టండి. 2000 వాట్ల ఎలిమెంట్ దాదాపు 26 ఓములు, 3000 వాట్లదైతే 17.6 ఓములు చూపాలి. టెర్మినల్‌కూ గొట్టానికీ మధ్య ఏ రీడింగూ రాకూడదు. అయితే మల్టీమీటర్ ఈ లీకేజీని అన్నిసార్లూ పట్టలేదు. ఎలక్ట్రీషియన్ దగ్గర 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో లీకేజీ పరీక్షించే మీటర్) ఉంటే దానితో 1 మెగా ఓమ్ పైనే ఉందని చూసుకోవడం మేలు. గొట్టం ఉబ్బినా, పగులు కనిపించినా కొత్త ఎలిమెంట్ వేయాల్సిందే.

యానోడ్ రాడ్ సగం కంటే సన్నబడినా, మధ్యలో ఇనుప తీగ బయటపడినా మార్చేయండి. ట్యాంకు బదులు తుప్పు పట్టడమే దాని ఉద్యోగం. కొత్తది బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, లోహానికి లోహం తగలకపోతే అది ఉన్నా లేనట్టే. ట్యాంకు అడుగున పేరుకున్న పెచ్చులను చేత్తో తీసి, నీళ్లు కొట్టి కడగండి. లోపలిది గాజు పూత గనుక ఇనుప బ్రష్ పెట్టొద్దు.

పాత గ్యాస్కెట్ మళ్లీ వేస్తే కారుతుంది. కొత్తది పెట్టి, నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. వైర్లు కలపకముందే ఇన్‌లెట్ తగిలించి నీళ్లు నింపండి. వేడి కుళాయిలో గాలి ఆగి ధార తిన్నగా పడేదాకా ఆగి, అప్పుడు కుళాయి కట్టి, పావుగంట ఫ్లాంజ్ అంచు చూడండి. తడి లేకపోతేనే వైర్లు, ఆ తర్వాతే కరెంటు. ఖాళీ ట్యాంకుకు కరెంటిస్తే ఎలిమెంట్ కాసేపట్లోనే కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల దగ్గర పెడితే గార మళ్లీ పట్టడం నెమ్మదిస్తుంది.

కుళాయి తిప్పినప్పుడే వచ్చే మోతకు గీజర్‌ను విప్పనక్కర్లేదు. గర్‌ర్‌మని వణికితే సగం తెరిచిన యాంగిల్ వాల్వ్ లోపలి వాషర్ వదులై కొట్టుకుంటోంది. వాల్వ్ పూర్తిగా తెరిచి చూడండి, తగ్గకపోతే వాల్వ్ మార్చండి. ధార సన్నగా ఉన్నప్పుడు మాత్రమే టకటకమంటే ఇన్‌లెట్ దగ్గర నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్‌ది, చాలాసార్లు ఇరుక్కున్న పలుకు తీస్తే సరిపోతుంది. కుళాయి కట్టేయగానే ధన్‌మంటే పరుగెత్తే నీళ్లు ఒక్కసారిగా ఆగి పైపును గుద్దుతున్నాయన్నమాట. కదులుతున్న పైపుకు క్లాంపులు వేయండి. ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో ఒత్తిడి తగ్గించే వాల్వ్ పెట్టించండి.

కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్ సుయ్‌మంటూ చుక్కలు వదిలితే కంగారు పడొద్దు. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే పావు లీటరు పెరుగుతాయి, వాటికి దారి అదే. చికాకని ఆ రంధ్రానికి బిరడా కొట్టడం బాంబు తయారు చేయడంతో సమానం. గీజర్ ఆపి ఉన్నప్పుడు కూడా కారుతుంటే మాత్రం లైన్లో ఒత్తిడి ఎక్కువైనా ఉండాలి, వాల్వ్ సీటులో గారైనా పట్టి ఉండాలి.

అన్నీ ఆపేశాక, చీకట్లో టక్... టక్... అని వచ్చేది చల్లారుతూ ముడుచుకుంటున్న రేకుదీ పైపుదీ. పైపు గోడలోకి దూరే చోట సిమెంటుకు ఒరుసుకుంటుంటే రంధ్రం కొంచెం పెద్దది చేసి నురుగు గొట్టం తొడగండి. అలా లేకపోతే దాన్ని అలాగే వదిలేయండి.