స్టేజీ మీద బిగుసుకుపోయే పిల్లలకు పనిచేసిన పద్ధతి

ఇంట్లో గడగడా మాట్లాడే పిల్లలు స్టేజీ ఎక్కగానే గౌను అంచు నలుపుతూ నిలబడిపోతారు. అద్దం ముందు చెప్పించడం, బట్టీ పట్టించడం, ముందే మైకు అలవాటు చేయడం ఏవీ పనిచేయలేదు.

మా విజయనగరం వైపు తప్పెటగుళ్ల వరస పనిచేసింది, అంటే గుండెల మీద రేకు వాయిద్యం కట్టుకుని, వాయిస్తూ గెంతుతూ పాడే జానపద కళ. ముందు మాటలు వద్దు. 8 మందిని గుండ్రంగా నిలబెట్టి, గుండెల మీద చిన్న రేకు తప్పెట కట్టాలి. తాడు వదులైతే గెంతినప్పుడు తప్పెట జారి తాళం తప్పుతుంది. చేతులకు పని దొరికితే వణుకు సగం పోతుంది. అడుగు కుదిరాక పల్లవి అందరూ కలిసి, ఆపైన ఒక్కొక్కరు సొంత లైను: "మా అమ్మమ్మ ఆవకాయ జాడీ దాచీసింది!" మనం రాసివ్వకూడదు. తడబడితే గుంపు వెంటనే పల్లవి ఎత్తుకోవాలి, అసలు ధైర్యం అక్కడే. చివరి రిహార్సల్స్‌లో వలయాన్ని అర్ధచంద్రంగా విప్పి జనం వైపు తిప్పాలి.

ఏకపాత్రాభినయానికి ఇది సరిపోతుందని మాత్రం చెప్పలేను.