విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు జాగ్రత్తలు

- ముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. చాలామంది మరిచిపోయేవి డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు. మామూలుగా ఇవి సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్ చేస్తే పోతాయి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లను ఆ డిస్క్ నుంచే తెరిచి చూసి, దాన్ని తీసి పక్కన పెట్టండి. తగిలించి ఉంచితే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసే ప్రమాదం ఉంది.

- డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందా? ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు.

- విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ను తయారుచేయడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌కు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

- వైఫై డ్రైవర్‌ను (వైఫై పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ముందే డౌన్‌లోడ్ చేసి మరో పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

- ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీయకండి.